నల్లకోటు వేసుకున్న ఇంజనీర్లు

మొత్తం తొమ్మిది లైన్ల కోడ్. పేరు రేంజ్‌చెక్. చేసే పని మూడు పరీక్షలు: మొదలయ్యే స్థానం ముగిసే స్థానం కంటే పెద్దదిగా ఉందా, మొదలయ్యే స్థానం సున్నా కంటే తక్కువగా ఉందా, ముగిసే స్థానం జాబితా పొడవు దాటిపోయిందా. వీటిలో దేనికి జవాబు అవునైనా ప్రోగ్రాం ఆగి లోపం చూపిస్తుంది. ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం కుర్రాడు కూడా కాసేపట్లో రాసేయగలడు. 2012 మే నెలలో శాన్‌ఫ్రాన్సిస్కో ఫెడరల్ కోర్టులో రెండు మహా కంపెనీల లాయర్లు ఈ తొమ్మిది లైన్ల గురించే వాదించుకున్నారు. ఆండ్రాయిడ్‌లో జావాను కాపీ కొట్టారని గూగుల్ మీద ఒరాకిల్ 2010లో వేసిన దావా అది.

ఆ లైన్లు రాసింది జాషువా బ్లాక్. మొదట సన్ మైక్రోసిస్టమ్స్‌లో, తర్వాత గూగుల్‌లో పనిచేసిన ఇంజనీరు. ఈ కాపీ వల్ల గూగుల్‌కు సమయం కలిసొచ్చిందని ఒరాకిల్ తరఫు సీనియర్ లాయర్ వాదిస్తుంటే జడ్జి విలియం ఆల్సప్ మధ్యలో అడ్డుపడ్డారు. తాను వేరే భాషల్లో ప్రోగ్రాములు రాస్తుంటానని, ఇలాంటి లైన్లు లెక్కలేనన్ని సార్లు రాశానని, ఇంత తేలికైన ముక్క కోసం ఎవరూ దొంగతనం చేయాల్సిన పనిలేదన్నది ఆయన మాటల సారం. మిసిసిపీలో గణితం, హార్వర్డ్‌లో న్యాయశాస్త్రం చదివిన ఆల్సప్ ఈ కేసు కోసం జావా కూడా కొంత నేర్చుకున్నారు. వాది లాయర్ తెలివైనవాడే. కానీ తన వాదనలోని లోపం పట్టుకోగలిగిన మనిషి బెంచీ మీదే కూర్చుని ఉన్నాడు.

తొమ్మిది లైన్ల సంగతి అలా ఉంచితే, అసలు కేసు పదేళ్లు నడిచింది. జావాలో 37 ప్యాకేజీలకు చెందిన దాదాపు 11,500 లైన్ల ‘డిక్లరేషన్ల’ మీద కాపీరైట్ ఉంటుందా లేదా అన్నదే పెద్ద ప్రశ్న. ఉండదని ఆల్సప్ తీర్పు ఇచ్చారు. 2014లో అప్పీలు కోర్టు ఉంటుందంటూ దాన్ని కొట్టేసింది. 2016లో రెండోసారి జ్యూరీ విచారణ జరిగితే గూగుల్ వాడకం న్యాయమైనదేనని తేల్చారు. 2018లో అప్పీలు కోర్టు దాన్నీ తిరగదోడింది. చివరికి 2021 ఏప్రిల్ 5న అమెరికా సుప్రీంకోర్టు 6-2 తేడాతో గూగుల్ వైపు నిలిచింది. వివాదంలో ఉన్న లైన్లు మొత్తం జావా లైబ్రరీలో 0.4 శాతమేనని ఆ తీర్పు లెక్క చూపించింది. ప్రోగ్రాంను పిలిచే పేర్లు వేరు, ఆ పేరుతో పిలిస్తే జరిగే పని వేరు. ఈ తేడాను ఇంజనీరు మాటల్లోంచి న్యాయమూర్తుల మాటల్లోకి తేవడానికే ఇరుపక్షాల శక్తిలో ఎక్కువ భాగం పోయింది.

అందుకే టెక్నాలజీ వ్యాజ్యాల్లో ఓ ప్రత్యేక జాతి లాయర్లకు గిరాకీ పెరిగింది. బీటెక్ చదివి, కొన్నాళ్లు ఉద్యోగం చేసి, ఆనక లా పట్టా పుచ్చుకున్నవాళ్లు. అమెరికాలో పేటెంట్ ఆఫీసు ముందు క్లయింటు తరఫున నిలబడాలంటే సైన్సు లేదా ఇంజనీరింగ్ నేపథ్యం సాధారణంగా తప్పనిసరి. ఆ దారిన వెళ్లినవాళ్లు చాలా దూరమే వెళ్లారు. పేటెంట్ అప్పీళ్లు వినే ఫెడరల్ సర్క్యూట్‌కు 2021లో చీఫ్ జడ్జి అయిన కింబర్లీ మూర్ ఎంఐటీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివి, నౌకాదళ పరిశోధన కేంద్రంలో ఇంజనీరుగా పనిచేసి, తర్వాతే జార్జ్‌టౌన్‌లో లా చదివారు. 2015లో అమెరికా పేటెంట్ ఆఫీసుకు తొలి మహిళా డైరెక్టర్ అయిన మిషెల్ లీ కూడా ఎంఐటీ ఇంజనీరే. లా చదవడానికి ముందు హ్యూలెట్ ప్యాకార్డ్ ల్యాబ్‌లో పనిచేశారు.

ఈ జాతికి మూలపురుషుడనదగ్గ మనిషి కథ ఇంకా పాతది, ఇంకా బాగుంటుంది.

చెస్టర్ కార్ల్‌సన్. 1930లో కాల్‌టెక్‌లో ఫిజిక్స్ పట్టా తీసుకుని బెల్ ల్యాబ్స్‌లో చేరాడు. అక్కడి పేటెంట్ విభాగానికి మారాడు. ఆర్థిక మాంద్యంలో ఉద్యోగం ఊడింది. తర్వాత న్యూయార్క్‌లో బ్యాటరీలు, ఎలక్ట్రికల్ విడిభాగాలు తయారుచేసే మాలరీ కంపెనీ పేటెంట్ విభాగంలో పని దొరికింది. పేటెంట్ పత్రాలకు నకళ్లు ఎప్పుడూ చాలేవి కావు. మళ్లీ టైపు చేయించాలి, లేదా డబ్బు పోసి ఫొటోలు తీయించాలి. పగలు ఈ పని, రాత్రి న్యూయార్క్ లా స్కూల్లో చదువు. లా పుస్తకాలు కొనే స్తోమత లేక పబ్లిక్ లైబ్రరీలో కూర్చుని పేజీలకు పేజీలు చేత్తో రాసుకునేవాడు. కాగితం మీది అక్షరం యంత్రంతో పక్క కాగితం మీదికి ఎక్కాలన్న ఆలోచన ఆ బల్లల దగ్గరే ముదిరింది.

1938 అక్టోబర్ 22న క్వీన్స్‌లోని ఆస్టోరియాలో ఒక చిన్న అద్దెగదిలో సహాయకుడు ఆటో కోర్నైతో కలిసి ఆయన ఒక ప్రయోగం చేశాడు. జింకు పలక మీద గంధకం పూత పూశారు. గుడ్డతో గట్టిగా రుద్ది విద్యుదావేశం పుట్టించారు. గాజు పలక మీద సిరాతో ఆనాటి తేదీ, ఊరి పేరు రాసి ఉంచారు. దాన్ని పూత మీద పెట్టి దీపం వెలుగు చూపించారు. మెత్తటి పొడి చల్లి ఊదితే అక్షరాల మీద మాత్రమే పొడి నిలిచింది. మైనపు కాగితం అద్ది లేపితే అక్షరాలు దాని మీదికి వచ్చాయి. తన ఆవిష్కరణకు పేటెంట్ దరఖాస్తు తానే రాసుకోగల మనిషి కావడం కార్ల్‌సన్‌కు కలిసొచ్చింది. 1942లో పేటెంట్ చేతికొచ్చింది. ఐబీఎం, జీఈ సహా 20కి పైగా కంపెనీలు ఈ యంత్రం మాకొద్దన్నాయి.  1959లో జిరాక్స్ 914 యంత్రం బజారులోకి వచ్చాక చరిత్ర మారిపోయింది.

పేటెంట్ విభాగం ఉద్యోగి ఒకరి గదిలో పుట్టిన ఆ ఫొటోకాపీ యంత్రమే తర్వాత కాపీరైట్ కేసులకు కారణమైంది. ఢిల్లీ యూనివర్సిటీ ఆవరణలోని రామేశ్వరి ఫొటోకాపీ షాపు మీద ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ ప్రచురణ సంస్థలు 2012లో దావా వేశాయి. పాఠాల కోసం పుస్తకాల్లోని పేజీలు కలిపి కుట్టిన ‘కోర్స్ ప్యాకులు’ విద్యార్థులకు అమ్ముతున్నారన్నది ఫిర్యాదు. బోధన కోసం చేసే నకలు కాపీరైట్ చట్టం సెక్షన్ 52 కింద మినహాయింపేనని 2016లో ఢిల్లీ హైకోర్టు సింగిల్ జడ్జి తీర్పు ఇచ్చారు. అదే ఏడాది డివిజన్ బెంచ్ కూడా ఆ సూత్రాన్నే నిలబెట్టింది. మరుసటి ఏడు ప్రచురణకర్తలు కేసు ఉపసంహరించుకున్నారు. పుస్తకాలు కొనలేక చేత్తో రాసుకున్న ఆ రాత్రి కాలేజీ విద్యార్థికి ఈ తీర్పు నచ్చి ఉండేదనుకోవడంలో తప్పులేదు.

ఇంజనీరింగ్ నుంచి న్యాయవాదానికి వెళ్లే దారి మన దేశంలో 2006 నుంచి కాస్త చదునైంది. ఆ ఏడాది ఐఐటీ ఖరగ్‌పూర్‌లో రాజీవ్ గాంధీ మేధోసంపత్తి న్యాయ కళాశాల మొదలైంది. ఇంజనీరింగ్, సైన్స్, వైద్య పట్టాలున్నవాళ్లకు మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ. యంత్రాలు చదివినవాళ్లు చట్టం చదవడానికి ఒక ఐఐటీయే తలుపు తీయడం చిన్న విషయం కాదు. పేటెంట్ ఏజెంట్ కావాలంటే పేటెంట్ల చట్టం 126వ సెక్షన్ ప్రకారం సైన్స్ లేదా టెక్నాలజీ డిగ్రీ ఉండాలి, పరీక్ష పాస్ కావాలి. ఏజెంట్ వాదన పేటెంట్ ఆఫీసు వరకే. హైకోర్టులో నోరు విప్పాలంటే అడ్వొకేట్‌గా నమోదు కావాల్సిందే. 2005 సవరణ తర్వాత ఆ పరీక్ష పాస్ కాని అడ్వొకేట్లకు ఏజెంట్ పని దొరకకుండా పోతే, చొక్కలింగం అనే న్యాయవాది మద్రాస్ హైకోర్టుకు వెళ్లారు. 2013లో కోర్టు ఆ సవరణ చెల్లదంది. డిగ్రీ ఒక్కటే పేటెంట్ పనికి అర్హత కాదని వాదించేవాళ్లూ ఉన్నారు. వాళ్ల మాటలో పస ఉంది. కానీ ఇంజను కేసు వచ్చినప్పుడు ఇంజను చూసిన కళ్లకు కనిపించేది వేరు.

పల్సర్ బండి తెలియని ఊరు మన దగ్గర లేదు. దాని ఇంజనులో ఒక సిలిండర్‌కు రెండు స్పార్క్ ప్లగ్గులు పెట్టి బజాజ్ ఆటో 2002లో దరఖాస్తు చేసింది. 2005లో 195904 నంబరు పేటెంట్ దక్కించుకుంది. ఎందుకు రెండు? పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ ఉన్న మిశ్రమం మెల్లగా మండుతుంది. ఒక మూలనుంచే నిప్పు పుడితే మంట అవతలి గోడ చేరేలోపు పిస్టన్ దిగిపోతుంది, కొంత ఇంధనం సరిగ్గా కాలదు. రెండు వైపులా ఒకేసారి నిప్పు రాజేస్తే మంట నడవాల్సిన దూరం సగమవుతుంది. మైలేజీ పెరుగుతుంది. 2007లో టీవీఎస్ ‘ఫ్లేమ్’ అనే 125 సీసీ బండి తెస్తున్నట్టు ప్రకటించింది. దానిలోనూ రెండు ప్లగ్గులే. బజాజ్ కోర్టుకెక్కింది. బజాజ్ పేటెంట్ రద్దు చేయాలని టీవీఎస్ ఎదురు తిరిగింది.

ఇక్కడ పేటెంట్ పత్రం ఎలా చదువుతారో చెప్పాలి. దాని ప్రాణం చివర్లో ఉండే ‘క్లెయిమ్‌’లలో ఉంటుంది. పొలం దస్తావేజులో చెక్కుబందీ ఎలాంటిదో క్లెయిమ్ అలాంటిది: తూర్పున ఏది, పడమర ఏది అని రాసిన హద్దు దాటి ఒక్క అడుగు కూడా అడగడానికి లేదు. బజాజ్ క్లెయిమ్‌లో నాలుగు స్ట్రోకుల ఇంజను, సిలిండర్ వ్యాసం 45 నుంచి 70 మిల్లీమీటర్లు, రెండు వాల్వులు, రెండు ప్లగ్గులు అని ఉంది. టీవీఎస్ ఇంజనులో వాల్వులు మూడు. ఇప్పుడు ప్రశ్న ఏమిటి? రెండు వాల్వులన్నది ఆవిష్కరణకు కీలకమా, లేక మామూలు వర్ణనా? కీలకమైతే టీవీఎస్ హద్దు బయట ఉన్నట్టు. కాకపోతే మూడో వాల్వు పెట్టినా హద్దు లోపలే. ఈ జవాబు చట్టం పుస్తకంలో దొరకదు. దహనగదిలో మంట ఎలా కదులుతుందో తెలిసినవాడు చెప్పాలి.

2008 ఫిబ్రవరిలో మద్రాస్ హైకోర్టు సింగిల్ జడ్జి టీవీఎస్‌ను ఆపుతూ ఇంజంక్షన్ ఇచ్చారు. 2009 మేలో డివిజన్ బెంచ్ దాన్ని తీసేసింది. సెప్టెంబర్ 16న సుప్రీంకోర్టు టీవీఎస్‌ను బండ్లు అమ్ముకోనిస్తూ, లెక్కలు రాసి ఉంచమంది. అసలు దావాలో విచారణ మొదలే కాలేదని మందలించింది. ఇలాంటి కేసులు రోజువారీ విని నాలుగు నెలల్లో తేల్చాలన్నది ఆనాటి ఆదేశం. అయినా ఈ తగవు 2019లో రెండు కంపెనీలు రాజీపడి ఉపసంహరించుకునే దాకా తెగలేదు. రెండు వాల్వులా మూడు వాల్వులా అన్న ఆ చక్కటి ప్రశ్నకు పూర్తి విచారణ తర్వాత రావాల్సిన జవాబు ఇప్పటికీ రాలేదు. ఇంత మంచి ప్రశ్న అలా మిగిలిపోవడం మన న్యాయవ్యవస్థకు నష్టమే.

ఆలస్యం ఎంత చేస్తుందో డీవీడీ కేసు చెబుతుంది. డీవీడీ ప్లేయర్లు బిగించి అమ్మే చిన్న వ్యాపారుల మీద ఫిలిప్స్ 2009లో దావా వేసింది. డిస్కు మీది గుర్తులను మళ్లీ సమాచారంగా మార్చే పద్ధతి తనదంది. 2018 జులైలో ఢిల్లీ హైకోర్టు ఫిలిప్స్‌కు అనుకూలంగా తీర్పు ఇచ్చేసరికి ఆ పేటెంట్ గడువు 2015లోనే తీరిపోయింది. డీవీడీలే ఇళ్లలోంచి వెళ్లిపోయాయి.

సాఫ్ట్‌వేర్ దగ్గరికొస్తే మన చట్టం ఇంకాస్త ఇరుకు. కంప్యూటర్ ప్రోగ్రాం ‘దానంతటదిగా’ పేటెంట్‌కు తగదని 3(కె) సెక్షన్. గణిత పద్ధతులు, అల్గారిథమ్‌లు కూడా అంతే. మరి ప్రోగ్రాం వల్ల యంత్రం బాగా పనిచేస్తే? ట్యునీషియాకు చెందిన ఫెరిద్ అల్లానీ వెబ్‌లో సమాచారాన్ని తేలిగ్గా అందుకునే పద్ధతికి 2002లో ఇక్కడ దరఖాస్తు పెట్టాడు. తిరస్కరించారు. ఏళ్ల తరబడి తిరిగాక 2019 డిసెంబర్‌లో ఢిల్లీ హైకోర్టు మళ్లీ పరిశీలించమంది. ప్రోగ్రాం ఉంది కాబట్టి కాదనడం కుదరదని, దానివల్ల సాంకేతిక ప్రయోజనం ఉందా లేదా అన్నదే చూడాలని చెప్పింది. అప్పటికి 17 ఏళ్లు గడిచాయి. పేటెంట్ ఆయుష్షే 20 ఏళ్లు.

పేటెంట్ రాకపోయినా రాసిన కోడ్‌కు కాపీరైట్ ఉంటుంది. మన చట్టం ప్రోగ్రాంను సాహిత్య రచన కిందే లెక్కగట్టింది. రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు. అయితే మరో ప్రోగ్రాంతో కలిసి పనిచేయడానికి అవసరమైన సమాచారం కోసం కోడ్‌ను విప్పి చూడటం సెక్షన్ 52 కింద తప్పు కాదు. ఈ కేసుల్లో ఇంజనీరు లాయర్ పనితీరు దగ్గరనుంచి చూడదగ్గది. రెండు ప్రోగ్రాములు ఒకే పని చేస్తే ఒకేలా కనిపించడం సహజం. అందుకే అతను పోలికలను కాక తప్పులను వెతుకుతాడు. వ్యాఖ్యలో ఒక అక్షరదోషం రెండుచోట్లా అదే చోట ఉందా? ఎవరూ వాడని ఒక వేరియబుల్ రెండింటిలోనూ మిగిలిపోయిందా? ఒక లెక్కలోని పొరపాటు రెండుచోట్లా అదే జవాబు ఇస్తోందా? ఒకే పని చేసే ఇద్దరు ఒకేలా ఒప్పు రాయొచ్చు. ఒకే తప్పు, ఒకే లైనులో, ఒకేలా రాయడం అరుదు. అమెరికాలో అవతలి పక్షం సోర్స్ కోడ్ చూడాలంటే తరచూ ఇంటర్నెట్ లేని కంప్యూటర్ ఉన్న గదిలో, ఫోన్ బయట పెట్టి కూర్చోవాలి. ఢిల్లీలో ఇలాంటి గోప్యత ఏర్పాటు పేరు ‘కాన్ఫిడెన్షియాలిటీ క్లబ్’. ఎవరెవరు చూడొచ్చో కోర్టే జాబితా కడుతుంది.

సెల్‌ఫోన్ల దగ్గర డబ్బు పెద్దది. 2జీ, 3జీ లాంటి ప్రమాణాలు పాటించకుండా ఏ ఫోనూ నెట్‌వర్క్‌లో పనిచేయదు. ఆ ప్రమాణాల్లో ఇరుక్కున్న పేటెంట్లను యజమానులు న్యాయమైన, వివక్ష లేని షరతులతో లైసెన్స్ ఇవ్వాలి. ‘న్యాయమైన’ ధర ఎంత? 2015లో ఎరిక్సన్ భారత కంపెనీ లావా మీద ఎనిమిది పేటెంట్లతో దావా వేసింది. మాటను తక్కువ బిట్లలో కుదించే పద్ధతులు వాటిలో ఉన్నాయి. ఇవి ఉత్త అల్గారిథమ్‌లు, 3(కె) కింద చెల్లవని లావా అంది. 2024 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఏడు చెల్లుతాయని, ఒకటి చెల్లదని తేల్చి 244 కోట్ల రూపాయల నష్టపరిహారం కట్టమంది. చెల్లదన్న ఆ ఒక్కటి గమనించదగ్గది. ఎనిమిదింటినీ గంపగుత్తగా కాకుండా ఒక్కొక్కటి విప్పి చూశారనడానికి అదే గుర్తు.

ఇలాంటి కేసుల కోసమే ఢిల్లీ హైకోర్టు 2021లో మేధోసంపత్తి విభాగం పెట్టింది. 2022లో పేటెంట్ దావాలకు విడిగా నియమాలు తెచ్చింది. ఇరుపక్షాల నిపుణులను పక్కపక్కనే కూర్చోబెట్టి జడ్జి ఎదుట ఒకరి మాటకు మరొకరు జవాబు చెప్పించే ‘హాట్ టబింగ్’ పద్ధతికి కూడా అక్కడ చోటుంది. విడివిడిగా సాక్ష్యం చెప్పినప్పుడు దాగే తేడాలు ముఖాముఖిలో బయటపడతాయి. ఆ సమయంలో ప్రశ్న వేయాల్సిన లాయర్‌కు విషయం తెలియకపోతే ఇద్దరు ప్రొఫెసర్ల సంభాషణకు ప్రేక్షకుడై పోతాడు.

ఇప్పుడు కృత్రిమ మేధ వంతు. తమ వార్తలతో మోడల్‌కు శిక్షణ ఇచ్చారని ఏఎన్‌ఐ వార్తా సంస్థ 2024 నవంబర్‌లో ఓపెన్‌ఏఐ మీద ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. కోర్టు సాయానికి అమికస్ క్యూరీలను నియమించుకుంది. మోడల్ వార్తను దాచుకుంటుందా, దాన్నుంచి అంకెలుగా లాగిన సంబంధాలనే ఉంచుకుంటుందా? శిక్షణలో చేసే తాత్కాలిక ప్రతి చట్టం దృష్టిలో ‘ప్రతి’యేనా? అమెరికాలో రచయితలు కృత్రిమ మేధ కంపెనీ ఆంత్రోపిక్ మీద వేసిన కేసులో, జావా కేసు విన్న ఆల్సప్‌యే 2025 జూన్‌లో ఈ ముడిని రెండుగా విడదీశారు. కొన్న పుస్తకాలతో శిక్షణ న్యాయ వినియోగమే అన్నారు. దొంగ ప్రతులతో లైబ్రరీ కట్టుకోవడం మాత్రం కాదన్నారు. ఆ తర్వాత కేసు 150 కోట్ల డాలర్ల పరిష్కార ఒప్పందానికి దారితీసింది. రచయితల పొట్టకొట్టకుండా, పరిశోధన ఆగకుండా గీత గీయాలంటే లోపల జరిగేది అర్థమైన వాళ్లు రెండు వైపులా ఉండాలి.

తెలుగు రాష్ట్రాల్లో ఏటా వేలమంది ఇంజనీర్లు బయటికొస్తారు. ఈ రంగంలోకి వచ్చేది కొద్దిమందే. దూరం కూడా ఒక కారణం. దేశంలో పేటెంట్ ఆఫీసులు నాలుగే: కోల్‌కతా, ఢిల్లీ, ముంబై, చెన్నై. మన దరఖాస్తులు చెన్నైకి వెళ్తాయి. పేటెంట్ ఆఫీసు కాదంటే అప్పీలు ఎక్కడ వేయాలన్న తగవులో హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ పేరుతోనే 2022లో ఢిల్లీ హైకోర్టు తీర్పు వచ్చింది. దరఖాస్తు ఏ ఆఫీసు పరిధిలోదో ఆ హైకోర్టుకే అప్పీలు వెళ్లాలంది. అంటే మాదాపూర్‌లో పుట్టిన ఆవిష్కరణకు అప్పీలు మద్రాస్ హైకోర్టులో. అక్కడ 2023 నుంచి మేధోసంపత్తి విభాగం పనిచేస్తోంది.

ఆలేరు చింతకింది మల్లేశం సంగతి అందరికీ తెలుసు. ఒక్క చీరకు ఆసు పోయడానికి, అంటే మేకుల చుట్టూ దారం చుట్టడానికి, తల్లి చెయ్యి వేలసార్లు ఇటూ అటూ తిరగడం చూడలేక, ఆరో తరగతితో బడి మానేసిన ఆయన ఏళ్ల శ్రమతో లక్ష్మీ ఆసు యంత్రం చేశారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. అర్ధచంద్రాకారంలో అమర్చిన మేకుల మీదికి దారం ఏ వరుసలో, ఏ బిగువుతో పడుతుందో చట్టానికి సరిపడే క్లెయిమ్‌గా రాయడం ఇంజనీరింగ్, న్యాయం రెండూ తెలిసినవాళ్ల పని. ఆయనకు నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ అండ దొరికింది. ఒక వ్యక్తి ఆన్‌లైన్‌లో పేటెంట్ దరఖాస్తు వేయడానికి ప్రాథమిక రుసుము 1,600 రూపాయలు. పెద్ద కంపెనీలకు 8,000. ఆ 1,600 కట్టబోయే మెకానిక్ పక్కన కూర్చుని, యంత్రం విప్పించి చూసి, అందులో కొత్త ఏదో పాత ఏదో తేల్చి, క్లెయిమ్ రాసిపెట్టగల మనిషి చెన్నైలోనో ఢిల్లీలోనో కాదు, సిరిసిల్లలో, తణుకులో, అనంతపురంలో దొరకాలి. ఈ ఏడాది బీటెక్ ముగించి లాసెట్ రాద్దామా వద్దా అని ఆలోచిస్తున్న పిల్లల్లో కొందరికైనా ఆ పని ఇష్టమవుతుందేమో అడిగి చూడాలి.